సెకండ్ హ్యాండ్ ఫ్రీరైడ్ బైక్ కొన్నాక ముందు ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

సియాటిల్ చుట్టుపక్కల, అంటే సమామిష్, ఇసక్వా, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్లు ఈమధ్య మౌంటెన్ బైకింగ్‌లోకి బాగానే వస్తున్నారు, డూథీ హిల్ బైక్ పార్క్ ఇంటి పక్కనే ఉంది కదా, ముందు పిల్లలు మొదలుపెడతారు, వాళ్ల వెనక అమ్మానాన్నలు. రెండో సీజన్‌కల్లా కెనడాలోని విస్లర్ బైక్ పార్క్ వెళ్లొస్తారు, అంతే, ఇక పెద్ద బైక్ కావాలనిపిస్తుంది. కొత్తది ఐదారు వేల డాలర్లు అవుతుందని సెకండ్ హ్యాండ్‌లో ఫుల్ సస్పెన్షన్ ఫ్రీరైడ్ బైక్ కొంటారు, కొన్న వారంలోనే రంగు పెడల్స్, కార్బన్ హ్యాండిల్ బార్ ఆర్డర్ పెట్టేస్తారు. బ్రేక్ ప్యాడ్లు మాత్రం రేకు దాకా అరిగిపోయి ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నా. డబ్బు ఎక్కడ పెడితే బైక్ నిజంగా బాగుపడుతుందో, ఏ వరసలో పెట్టాలో చెప్తాను.

ముందు అసలు ఫ్రీరైడ్ బైక్ అంటే ఏంటో క్లియర్‌గా ఉండాలి. ముందు వెనక 170 నుంచి 180 ఎంఎం ట్రావెల్ (సస్పెన్షన్ వల్ల చక్రం కదిలే దూరం), హెడ్ యాంగిల్ (ఫోర్క్ వాలు) 63, 64 డిగ్రీల దగ్గర బాగా వాలుగా, ఫ్రేమ్ లావుగా, ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు, మాత్రం సింగిల్ క్రౌన్ (కాళ్లని పైన కలిపే పట్టీ ఒకటే). డౌన్‌హిల్ రేస్ బైక్‌కి 200 ఎంఎం, డబుల్ క్రౌన్ ఫోర్క్ ఉంటాయి, దాన్ని తొక్కుకుంటూ కొండెక్కడం అయ్యే పని కాదు. ట్రెయిల్ బైక్ 130, 150 మధ్యలో ఉంటుంది, ఎక్కడానికి హాయి, కానీ పెద్ద డ్రాప్ దూకితే మొత్తం ట్రావెల్ అయిపోయి దబ్బున తగులుతుంది. ఫ్రీరైడ్ బైక్ ఈ రెండిటి మధ్యది, నిదానంగానైనా పైకి తొక్కచ్చు, దిగేటప్పుడు మాత్రం దేనికీ వెనకాడదు. ఈ జాతి పుట్టింది మనకి పైనే, కెనడాలో వాంకూవర్ నార్త్ షోర్ కొండల మీద. ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ కొండల్లో 90లలో చెక్క నిచ్చెనల్లాంటి వంతెనలు కట్టి వాటి మీద నుంచి దూకడం మొదలుపెట్టారు, అప్పటి బైకులు పుటుక్కున విరిగిపోయేవి, దాంతో కంపెనీలు ట్రావెల్ పెంచి ఫ్రేమ్ గట్టి చేసుకుంటూ పోయాయి. 2001లో యూటాలోని వర్జిన్ అనే ఊరి దగ్గర మొదటి రెడ్ బుల్ ర్యాంపేజ్ ఫ్రీరైడ్ పోటీ పెడితే అది గెలిచిన వేడ్ సిమన్స్ కూడా ఆ బ్రిటిష్ కొలంబియా గుంపు మనిషే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ బైక్‌ని తయారు చేసిందే దెబ్బలు తినడానికి, బరువు తగ్గించడానికి కాదు, కాబట్టి అప్‌గ్రేడ్ అనగానే గ్రాములు లెక్కపెట్టడం మొదలెడితే దాని స్వభావానికే ఎదురెళ్తున్నట్టు.

మీరు వారానికి ఓసారి డూథీలో తిరిగి, ఏడాదికి ఒక్కసారి విస్లర్ వెళ్తారంటే మాత్రం 150 ఎంఎం బైక్ చాలు, విస్లర్‌లో ఆ రెండు రోజులకి పెద్ద బైక్ అద్దెకి తీసుకోండి. స్టీవెన్స్ పాస్ బైక్ పార్క్‌కి సీజన్ పాస్ తీసుకునేవాళ్లకి, టైగర్ మౌంటెన్, రేజింగ్ రివర్ లాంటి చోట్ల గరుకు లైన్లు దిగేవాళ్లకి, బెల్లింగ్‌హామ్‌లో గాల్‌బ్రెయిత్ జంప్ లైన్ల కోసం శనివారం పొద్దున్నే లేచి డ్రైవ్ చేసేవాళ్లకి ఈ బైక్ న్యాయం చేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

పైన పటారం లోన లొటారం అన్న సామెత పాత బైకుల విషయంలో అక్షరాలా నిజం. అమ్మేవాడు కడిగి తుడిచి కొత్త గ్రిప్స్ వేసి పెడతాడు. మీరు బైక్‌ని తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) చుట్టూ, హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే గొట్టం) వెల్డింగ్ దగ్గర, వెనక షాక్ ఫ్రేమ్‌కి తగిలించే చోట, చైన్ స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) లోపలి వైపు ఫోన్ టార్చ్ వేసి చూడండి, వెంట్రుకంత గీత రంగు మీద కనపడ్డా సరే వదిలేసి వచ్చేయండి. తర్వాత సీటు వెనక పట్టుకుని మెల్లగా పైకి లాగి వదలండి, చక్రం నేల మీద నుంచి లేవకముందే చేతికి లొడలొడ తెలిసిందంటే పివట్ (వెనక భాగం ఫ్రేమ్‌కి కలిసే కీలు) బేరింగులో షాక్ బుషింగులో పోయినట్టు. అది పెద్ద రోగం కాదు, కానీ ధర తగ్గించమనడానికి మంచి కారణం. ఫోర్క్ మెరిసే గొట్టాల మీద గోరుతో కిందకి గీసుకుంటూ పోండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీతలోంచి నూనె కారుతుంది, ఆ గొట్టాలు మార్చడం చాలా ఖరీదు. రెండు బ్రేకులూ గట్టిగా పట్టి అర నిమిషం ఉంచండి, లివర్ మెల్లగా హ్యాండిల్ వైపు జారిపోతే లోపల లీక్ ఉంది.

సీరియల్ నెంబర్ మామూలుగా బాటమ్ బ్రాకెట్ కింద ఉంటుంది, డబ్బు ఇచ్చేముందే దాన్ని 529 గ్యారేజ్ లాంటి రిజిస్ట్రీలో వెతకండి, దొంగ బైక్ అయితే అక్కడే తెలిసే అవకాశం ఉంది. కొన్నాక మీ పేరు మీద అందులోనే రిజిస్టర్ చేసుకోండి. ఫ్రేమ్ వారంటీ చాలా కంపెనీల్లో మొదటి ఓనర్‌కే వర్తిస్తుంది, వారంటీ ఉంది తీసుకో అన్న మాటకి పది డాలర్లు కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఇంకోటి, 26 ఇంచుల చక్రాల పాత ఫ్రీరైడ్ బైకులు ఆరేడు వందలకే కనపడతాయి. చూడటానికి భలే ఉంటాయి, నాకూ వాటిని చూస్తే ప్రాణం లేచొస్తుంది, కానీ అప్‌గ్రేడ్ చేద్దామని మాత్రం కొనకండి. వాటిలో చాలావాటికి షాక్ సైజు ఇంచుల్లో, 9.5 బై 3 లాగా ఉంటుంది, వెనక హబ్ 150 ఎంఎం, ఇప్పుడు మార్కెట్లో దొరికే ఫోర్కులు, చక్రాలు దానికి ఎక్కవు. ఉన్నదాన్ని ఉన్నట్టు తొక్కుకోవడానికైతే తీసుకోండి.

ఏ పార్ట్ కొనాలన్నా ముందు కొలతలు

ఇంటికి తెచ్చిన రోజే ఫోన్ నోట్స్‌లో ఒక పేజీ తెరిచి బైక్ జాతకం రాసుకోండి. వెనక యాక్సిల్ 148 నా 157 నా, ముందు యాక్సిల్ 110 బై 15 నా 20 నా, షాక్ కంటి నుంచి కంటికి, అంటే రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య, పొడవెంత, స్ట్రోక్, అంటే అది అణిగే దూరం, ఎంత (230 బై 65 లాగా రాసి ఉంటుంది, పైన ట్రనియన్ మౌంట్, అంటే రెండు పక్కల నుంచి బోల్టులు బిగించేది అయితే 205 బై 65 లాంటి సైజు), సీట్ ట్యూబ్ 30.9 నా 31.6 నా లేక 34.9 నా, హ్యాండిల్ క్లాంప్ 31.8 నా 35 నా, ఫ్రీహబ్ (వెనక గేర్ల పళ్లచక్రాలు ఎక్కే భాగం) ఏ రకం, అంటే పాత షిమానో హెచ్‌జీనా, మైక్రో స్ప్లైనా, స్రామ్ ఎక్స్‌డీనా, ఫ్రేమ్‌కీ ఫోర్క్‌కీ కంపెనీ అనుమతించిన పెద్ద రోటర్ (బ్రేక్ డిస్క్) ఎంత. డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క) ఏ మోడలో కూడా రాసుకోండి, 2019 తర్వాత వచ్చిన చాలా ఫ్రేముల్లో స్రామ్ వాళ్ల యూడీహెచ్ (అన్ని కంపెనీలకీ ఒకటే రకం హ్యాంగర్) ఉంటుంది, అది ఏ షాపులోనైనా దొరుకుతుంది, అది కాకపోతే మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్లు ఇప్పుడే రెండు తెప్పించి పెట్టుకోండి. సేల్‌లో వచ్చిందని కొనేసి రిటర్న్ చేసే పార్టుల్లో సగం ఈ కొలతలు చూసుకోకపోవడం వల్లే.

షాక్ మీద రాసిన సైజు, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన సైజు ఒకటేనా అన్నది తప్పకుండా పోల్చి చూడండి. ముందు ఓనర్ ట్రావెల్ పెంచుదామని ఎక్కువ స్ట్రోక్ షాక్ వేసి ఉండచ్చు, అప్పుడు పూర్తిగా అణిగినప్పుడు వెనక టైర్ వచ్చి సీట్ ట్యూబ్‌కి తగులుతుంది. గాలి మొత్తం తీసేసి వెనక భాగాన్ని చేత్తో పూర్తిగా నొక్కి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

రూపాయి ఖర్చు లేని అప్‌గ్రేడ్

బైక్‌లో అన్నిటికన్నా పెద్ద మార్పు సస్పెన్షన్ మీ బరువుకి సెట్ చేసుకుంటే వస్తుంది, దానికి కావాల్సింది ఒక షాక్ పంపు, ఒక స్కేలు, పట్టుకోవడానికి ఒక మనిషి. మీరు తొక్కేటప్పుడు వేసుకునేవన్నీ వేసుకోండి, హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ల బ్యాగ్ తో సహా. కంప్రెషన్ నాబులన్నీ (సస్పెన్షన్ అణగడాన్ని గట్టిపరిచేవి) పూర్తిగా తెరిచేయండి. గోడ పట్టుకుని పెడల్స్ మీద నిలబడి రెండు మూడు సార్లు ఊగి కదలకుండా ఆగండి, పక్కనున్న మనిషి షాక్ మీదున్న రబ్బరు రింగుని సీలు దాకా జరపాలి, తర్వాత మీరు ఊపు ఇవ్వకుండా మెల్లగా దిగాలి. రింగు ఎంత దూరం జరిగిందో కొలవండి, మీ బరువుకి అణిగే ఈ దూరాన్నే సాగ్ అంటారు. షాక్ స్ట్రోక్ 65 ఎంఎం అయితే 30 శాతం అంటే పంతొమ్మిదిన్నర ఎంఎం, అక్కడికి రావాలి. ఎక్కువ జరిగితే గాలి కొట్టండి, తక్కువైతే తీయండి. ఫోర్క్‌కి 15 నుంచి 20 శాతం, 170 ఎంఎం ఫోర్క్ అయితే 26 నుంచి 34 ఎంఎం మధ్య.

గాలి కొట్టేటప్పుడు ఒకేసారి మొత్తం కొట్టేయకూడదు, లోపల పాజిటివ్, నెగటివ్ అని రెండు గదులుంటాయి, ప్రతి 50 పీఎస్ఐకి ఆగి షాక్‌ని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కితే రెండూ సమానమవుతాయి, లేకపోతే మీరు చూసిన ప్రెషర్ అబద్ధం. పంపు తీసేటప్పుడు వచ్చే స్ స్ అన్న శబ్దం పంపు గొట్టంలోని గాలిదే, షాక్‌లోది పోవట్లేదు, కంగారుపడి మళ్లీ ఎక్స్‌ట్రా కొట్టకండి.

తర్వాత రీబౌండ్, అంటే అణిగిన సస్పెన్షన్ ఎంత స్పీడుగా పైకి లేవాలన్నది. సస్పెన్షన్ తయారు చేసే ఫాక్స్, రాక్ షాక్స్ ఇద్దరూ వాళ్ల సైట్లలో గాలి ప్రెషర్‌ని బట్టి ఎన్ని క్లిక్కులో టేబుల్ ఇస్తారు, అక్కడ్నుంచి మొదలెట్టండి. మరీ స్పీడుగా ఉంటే జంప్ అంచున వెనక చక్రం తన్నినట్టయి మిమ్మల్ని ముందుకి విసురుతుంది, ఫ్రీరైడ్‌లో అన్నిటికన్నా డేంజర్ అదే. మరీ నెమ్మదైతే వరసగా వచ్చే గుంతల్లో ఒకదాని తర్వాత ఒకటి అణిగి అణిగి లేవడానికి టైమ్ దొరక్క చివరికి రాయిలా గట్టిపడిపోతుంది, విస్లర్‌లో ఆగస్టు నాటికి ఎ-లైన్ అనే జంప్ ట్రెయిల్ మీద పడే బ్రేకింగ్ గుంతల్లో చేతులు నొప్పులు పుట్టేది చాలామందికి దీనివల్లే. ఒకే ట్రెయిల్, ఒకే ముక్క, మళ్లీ మళ్లీ దిగుతూ ఒకసారికి ఒక్క నాబు మాత్రమే రెండు క్లిక్కులు మార్చి చూడండి, ప్రతిసారీ రాసుకోండి. సాగ్ కరెక్ట్‌గా ఉన్నా పెద్ద డ్రాప్‌లో దబ్బున తగులుతుంటే గాలి గదిలో ఒక వాల్యూమ్ స్పేసర్ (గాలికి చోటు తగ్గించే ముక్క) కలపండి, ఎంత దూకినా చివరి రెండు మూడు సెంటీమీటర్లు వాడకంలోకే రాకపోతే ఒకటి తీసేయండి. ఆ ప్లాస్టిక్ ముక్కల ఖరీదు కాఫీ అంత.

సర్వీసు

పాత బైక్ ఎప్పుడు సర్వీస్ చేశారని అడిగితే అందరూ పోయిన సీజనే అంటారు. నమ్మకండి, మీరే చేసేయండి. రాక్ షాక్స్ వాళ్లు ఫోర్క్ కింది కాళ్లు, షాక్ ఎయిర్ క్యాన్ (గాలి గది) ప్రతి 50 గంటలకి సర్వీస్ చేయమంటారు, ఫాక్స్ వాళ్లు 125 గంటలకి లేదా ఏడాదికి ఒకసారి అంటారు. పార్క్ రోజున లిఫ్ట్ మీద కూర్చున్న టైమ్ తీసేసి మూడు గంటల దిగుడు వేసుకున్నా పదిహేడు రోజుల్లో 50 అయిపోతుంది. పైగా మన దగ్గర అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వాన, బురద, సన్నటి ఇసుక, సీళ్లకి అంతకన్నా శత్రువు లేదు.

ఫోర్క్ కింది కాళ్ల సర్వీసు ఇంట్లో చేసుకోవచ్చు, ఒక సాయంత్రం పని. ముందు ప్రెషర్ ఎంతుందో రాసుకుని గాలి మొత్తం తీసేయాలి, ఇది మర్చిపోతే ప్రమాదం. చక్రం, బ్రేక్ తీసి కింది బోల్టులు నాలుగు చుట్లు వదులు చేసి రబ్బరు సుత్తితో తట్టండి, కడ్డీలు లోపల ఊడతాయి, బోల్టులు పూర్తిగా తీసి పాత నూనె గిన్నెలోకి పోనిచ్చి కాళ్లు కిందకి లాగేయండి. నూనె నల్లగా బూడిద నీళ్లలా వచ్చిందంటే సర్వీస్ చేసి చాలా రోజులైనట్టు. లోపలంతా నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, కొత్త ఫోమ్ రింగులు నూనెలో నానబెట్టి పెట్టి, కొత్త సీళ్లు కూర్చోబెట్టి, మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన నూనె చెప్పినన్ని మిల్లీలీటర్లు ఏ కాలులో ఎంతో చూసుకుని పోసి, టార్క్ రెంచ్‌తో బిగించండి. డ్యాంపర్ (నూనెతో కదలిక వేగాన్ని అదుపు చేసే భాగం) లోపలికి మాత్రం వెళ్లొద్దు, వెనక షాక్ డ్యాంపర్‌లో నైట్రోజన్ ప్రెషర్‌లో ఉంటుంది, దానికి సామాన్లున్న షాపుకే పంపాలి.

పివట్ బోల్టులు అన్నీ ఒకసారి ఊడదీసి, బేరింగులు వేలు పెట్టి తిప్పి చూసి, గరగరమంటే మార్చేసి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ చుక్క వేసి కంపెనీ ఇచ్చిన టార్క్‌కి బిగించండి. బిగించాక ప్రతి బోల్టు తల మీద నుంచి ఫ్రేమ్ మీదకి పెయింట్ పెన్‌తో ఒక గీత గీస్తే తర్వాత ఎప్పుడు వదులైనా గీత విరిగి కంటికి కనపడుతుంది. బురదయ్యాక ప్రెషర్ వాషర్ బేరింగుల మీద, సీళ్ల మీద కొట్టకండి, మామూలు పైపు, బ్రష్ చాలు.

టైర్లు

డబ్బు పెట్టడం ఇక్కడ మొదలవ్వాలి. ఫ్రీరైడ్ బైక్‌కి పలచటి ట్రెయిల్ టైర్లు ఉంటే వెంటనే తీసేయండి. మ్యాక్సిస్‌లో అయితే ఎక్సో, ఎక్సో ప్లస్, డబుల్ డౌన్, డీహెచ్ అని గోడ మందం పెరుగుతూ పోతుంది. తొక్కుకుంటూ ఎక్కేవాళ్లకి డబుల్ డౌన్, లిఫ్ట్ పార్కులకి డీహెచ్. డీహెచ్ టైర్ ఒక్కోటి పన్నెండు, పదమూడు వందల గ్రాములు ఉంటుంది, బరువే, కానీ రాయి అంచుకి గోడ కోసుకుపోయి బైక్ భుజాన వేసుకుని దిగడం కన్నా వెయ్యి రెట్లు మేలు. ముందు చక్రానికి అస్సగాయ్ 2.5 మెత్తటి మ్యాక్స్ గ్రిప్ రబ్బరులో, వెనక మినియన్ డీహెచ్‌ఆర్ 2 కొంచెం గట్టి మ్యాక్స్ టెర్రాలో, మన తడి వేర్ల మీద ఈ జోడీకి నేనింకా వంక పెట్టలేకపోయాను. ష్వాల్బే వాళ్ల మ్యాజిక్ మేరీ కూడా బురదకి చాలా మంచిది. ట్యూబులు తీసేసి సీలెంట్ పోసుకోండి, రెండు మూడు నెలలకోసారి అది ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. 75 కిలోల మనిషికి ముందు 22 నుంచి 24, వెనక 25 నుంచి 28 పీఎస్ఐ దగ్గర మొదలెట్టి చూసుకోండి. రిమ్ములు సొట్టలు పడుతుంటే వెనక చక్రంలో ఫోమ్ ఇన్సర్ట్ వేయండి, ఎక్కించడానికి ఒళ్లు హూనమవుతుంది కానీ రిమ్ము బతుకుతుంది.

బ్రేకులు

అయిదు వేల డాలర్ల బైక్ కొని బ్రేక్ ప్యాడ్ల దగ్గర పీనాసితనం చేయడం ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. నాలుగు పిస్టన్ల కాలిపర్ ఉండాలి, ముందు 200 లేదా 203 ఎంఎం రోటర్ తప్పనిసరి, వెనక కూడా అంతే ఉంటే మంచిది, బరువున్నవాళ్లు ముందు 220 వేసుకోవచ్చు, ఫోర్క్ కంపెనీ ఒప్పుకుంటేనే. షిమానో సెయింట్, స్రామ్ కోడ్, మగురా ఎంటీ7, టీఆర్‌పీ డీహెచ్‌ఆర్ ఈవో, హేస్ డొమినియన్ ఏ4, ఇవన్నీ ఈ పనికి సరిపోయేవే, మీ బైక్‌కి వీటిలో ఏది ఉన్నా కొత్త బ్రేకులు కొనకండి, ఉన్నవాటికి కొత్త ప్యాడ్లు, కొత్త రోటర్లు వేసి బ్లీడ్ చేయండి (గొట్టాల్లోని గాలి తీసి నూనె నింపడం), సగం మందికి అంతటితో సమస్య తీరిపోతుంది.

ప్యాడ్లు మెటల్ సింటర్డ్ రకం తీసుకోండి, తడిలో త్వరగా అరగవు, వేడి తట్టుకుంటాయి, శబ్దం కొంచెం ఎక్కువ. కానీ రోటర్ మీద రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని రాసి ఉంటే దానికి మెటల్ ప్యాడ్లు వేయకూడదు, షిమానో చవక రోటర్ల మీద అలా ఉంటుంది. షిమానో రోటర్ కొత్తప్పుడు 1.8 ఎంఎం మందం, 1.5 కి వస్తే పారేయాలి, ఇరవై డాలర్ల డిజిటల్ కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవచ్చు. నూనె విషయంలో చాలా జాగ్రత్త, షిమానో, మగురా, టీఆర్‌పీ మినరల్ ఆయిల్, స్రామ్ కోడ్, హేస్ డొమినియన్ డాట్ ఫ్లూయిడ్. స్రామ్ కదా అని అన్నిటికీ డాట్ అనుకోకండి, 2024లో వచ్చిన మేవెన్ మినరల్ ఆయిలే. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం బ్రేకే పోతుంది, రిజర్వాయర్ మూత మీద రాసింది చదివి పోయండి.

కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా ట్రెయిల్‌కి వెళ్లకండి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు స్పీడు అందుకుని చక్రం లాక్ అవ్వకుండా నడిచే స్పీడు దాకా తగ్గించడం, ఇలా ఇరవైసార్లు, తర్వాత ఇంకొంచెం స్పీడులో పదిసార్లు. ప్యాడ్ పొర రోటర్ మీద సమంగా అతుక్కుంటేనే పట్టు వస్తుంది.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇండియాలో సైకిల్‌కైనా మోటార్ సైకిల్‌కైనా కుడి చేయి ముందు బ్రేక్, అమెరికాలో సైకిళ్లకి ఎడమ చేయి ముందు బ్రేక్. ఏళ్ల తరబడి బండి నడిపిన చేతులకి గుర్తుంటుంది, నిటారు దిగుడులో భయపడ్డప్పుడు చెయ్యి పాత అలవాటుకే పోతుంది. మీకు కుడి చేయి ముందు బ్రేక్ కావాలంటే గొట్టాలు మార్పించుకోవచ్చు, షాపులో మోటో స్టైల్ అంటే వాళ్లకి తెలుసు. ఏదో ఒకటి తేల్చుకుని ఇంట్లో ఉన్న బైకులన్నీ అలాగే పెట్టుకోండి, ఫ్రెండ్ బైక్ తీసుకున్నప్పుడు ముందు అదే చూసుకోండి.

కాయిల్ షాక్ వేద్దామా

గాలికి బదులు లోహపు స్ప్రింగ్ ఉండేదే కాయిల్ షాక్. అందరికీ వచ్చే కోరిక ఇది, నాకు కూడా కాయిల్ అంటే ఇష్టమే. చిన్న రాళ్ల మీద అది పాకినట్టు వెళ్తుంది, పొడుగు దిగుడులో వేడెక్కి స్వభావం మారడం తక్కువ. కానీ కాయిల్ మొదటినుంచి చివరిదాకా ఒకే రేటులో గట్టిపడుతుంది, ఎయిర్ చివర్లో బాగా బిగుసుకుంటుంది. కాబట్టి ఫ్రేమ్ లెవరేజ్ రేషియో (షాక్ ఒక ఎంఎం అణిగితే వెనక చక్రం ఎన్ని ఎంఎం కదులుతుందో) మొదటినుంచి చివరికి బాగా తగ్గే డిజైన్ అయితే, అంటే 20 శాతం పైగా, కాయిల్ హాయిగా నప్పుతుంది, అంతకన్నా చాలా తక్కువైతే ప్రతి డ్రాప్‌కీ దబ్ దబ్. కంపెనీకి మెయిల్ పెట్టి మీ మోడల్‌కి కాయిల్ ఒప్పుకుంటారా అని అడిగితే చెప్తారు.

స్ప్రింగ్ ఎంతది కొనాలో లెక్క ఇలా. సామానుతో సహా మీ బరువు 80 కిలోలనుకోండి, 176 పౌండ్లు. వెనక చక్రం మీద 65 శాతం పడుతుందనుకుంటే 114 పౌండ్లు. సాగ్ దగ్గర లెవరేజ్ 2.7 అయితే షాక్ మీద పడేది 309 పౌండ్లు. 65 స్ట్రోక్‌లో 30 శాతం పంతొమ్మిదిన్నర ఎంఎం, అంటే 0.77 ఇంచు. 309 ని 0.77 తో భాగిస్తే దాదాపు 400, అంటే 400 పౌండ్ల స్ప్రింగ్. ప్రీలోడ్ కాలర్ (స్ప్రింగ్‌ని బిగించే రింగు) ఒకటి, మహా అయితే రెండు చుట్లు, సాగ్ కోసం అంతకన్నా తిప్పాల్సి వస్తే తర్వాతి సైజు స్ప్రింగ్ కొనాల్సిందే. బరువు తగ్గినా పెరిగినా మళ్లీ స్ప్రింగ్ కొనాలి, అదే ఎయిర్ అయితే పంపు చాలు, ఇది కూడా చూసుకోండి.

ఫోర్క్ సంగతి. 2020లో ఫాక్స్ 38, రాక్ షాక్స్ జెబ్ వచ్చాక 38 ఎంఎం గొట్టాల ఫోర్క్ లేకపోతే ఫ్రీరైడే కాదన్నట్టు మాట్లాడుతున్నారు. మీ బైక్‌కి ఫాక్స్ 36 గానీ రాక్ షాక్స్ లిరిక్ గానీ ఉండి మీరు 80 కిలోల లోపు ఉంటే దాన్ని సర్వీస్ చేసి వాడండి, ఆ వెయ్యి డాలర్లతో సీజన్ పాస్, కోచింగ్ రెండూ వస్తాయి. 170 తీసేసి 180 వేద్దాం, 190 వేద్దాం అనేవాళ్లకి, ప్రతి 10 ఎంఎంకి హెడ్ యాంగిల్ దాదాపు అర డిగ్రీ వాలిపోతుంది, బాటమ్ బ్రాకెట్ పైకి లేస్తుంది, హెడ్ ట్యూబ్ మీద లోడ్ పెరుగుతుంది. ఫ్రేమ్ కంపెనీ రాసిన మాక్సిమమ్ దాటకండి, డబుల్ క్రౌన్ కూడా వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.

మిగతావి గబగబా. చక్రాలు అల్యూమినియం, 32 చువ్వలు, లోపల 30 ఎంఎం వెడల్పు, డీటీ స్విస్ ఈఎక్స్ 511 రిమ్ము లాంటిది వేయించుకుంటే ఏళ్లు ఆడుతుంది, కొత్తగా కట్టించిన చక్రానికి నాలుగైదు రైడ్ల తర్వాత ఒకసారి బెండు తీయించండి. చైన్ గైడ్, కింద బ్యాష్ గార్డ్ తప్పకుండా, ఫ్రేమ్‌కి ఐఎస్‌సీజీ 05 చెవులుంటే (బాటమ్ బ్రాకెట్ చుట్టూ ఉండే బోల్టు రంధ్రాలు) బిగించడం తేలిక. గేర్ల మీద డబ్బు తగలేయకండి, డిరైలర్ రాళ్లకి తగిలి పోయేదే, మధ్య రకం చాలు. క్రాంకులు 165 ఎంఎం అయితే పెడల్ రాళ్లకి తక్కువ తగులుతుంది. హ్యాండిల్ 800 ఎంఎం కొని మీ భుజాలకి తగ్గట్టు కోయించుకోండి, స్టెమ్ 35 నుంచి 50 మధ్యలో, బోల్టులు దాని మీద రాసిన టార్క్‌కే, మామూలుగా అయిదారు న్యూటన్ మీటర్లు.

హెల్మెట్ బైక్ పార్ట్ కాదని దాని బడ్జెట్ వేరే పెట్టకండి, ఇందులోనే పెట్టండి. ఫుల్ ఫేస్, లోపల స్టిక్కర్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1952 అని ఉండాలి, అది డౌన్‌హిల్ కోసం పెట్టిన టెస్టు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు, పిల్లలకైతే అసలే వద్దు. లెక్కగా చెప్పాలంటే బైక్‌కి 2,500 పెడితే ఇంకో 600 పక్కన ఉంచుకోండి, టైర్లు, ప్యాడ్లు, రోటర్లు, సీల్ కిట్లు, మోకాలి ప్యాడ్లు అందులోంచి రావాలి, హెల్మెట్ కూడా కొనాలంటే 800.

హైదరాబాద్ నుంచి తమ్ముళ్లు అడుగుతుంటారు, అన్నా ఇలాంటి బైక్ ఇక్కడికి తెచ్చుకుంటే ఎలా ఉంటుందని. అనంతగిరి వైపు మట్టి దారులకైనా, ఊరి చుట్టూ బండరాళ్ల గుట్టలకైనా 180 ఎంఎం అక్కర్లేదు, లిఫ్ట్ లేదు కాబట్టి ప్రతి దిగుడుకీ పదహారు కిలోల బైక్ మీరే తొక్కుకుంటూ పైకి తీసుకెళ్లాలి, ఎండలో. గట్టి హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది) గానీ 130, 140 ఎంఎం ట్రెయిల్ బైక్ గానీ తీసుకుంటే ఎక్కువ తొక్కుతారు. ఫుల్ సస్పెన్షనే కావాలంటే షాక్ సీల్ కిట్లు, బేరింగులు, హ్యాంగర్లు అమెరికా నుంచి వచ్చేవాళ్లతో ముందే తెప్పించి పెట్టుకోండి, దొరకని చిన్న రబ్బరు రింగు కోసం సీజనంతా బైక్ గోడకి ఆనించి ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక పార్క్‌కి వెళ్లే రోజు కారులో ఉండాల్సినవి. రెండు సెట్ల ప్యాడ్లు, ఒక హ్యాంగర్, చైన్ క్విక్ లింక్, ట్యూబ్‌లెస్ ప్లగ్గులు, ఒక ట్యూబు, షాక్ పంపు, అలెన్ కీలు, చిన్న టార్క్ రెంచ్. టైగర్, రేజింగ్ రివర్ పార్కింగ్‌కి డిస్కవర్ పాస్ (వాషింగ్టన్ రాష్ట్రం ఇచ్చే పార్కింగ్ పాస్) కావాలి, డూథీకి అక్కర్లేదు. మొదటి రన్ మాత్రం మీకు బాగా తెలిసిన తేలిక ట్రెయిల్‌లో బైక్ చప్పుడు వింటూ మెల్లగా దిగండి, కొత్త కటకట ఏదైనా వినపడితే పక్కకి ఆపి అది ఎక్కడ్నుంచో కనిపెట్టాకే జంప్ లైన్‌కి పోండి.